అరచేతిలో ఇటలీ వైన్

మా వైపు పొట్టేలు కోసిన పండగలో, పులుసు పొయ్యి మీద నుంచి దించే ముందు ఒక మనిషి ఉప్పు చూడాలి. వండేవాళ్ళ నాలుకకు పొగ పట్టి ఉంటుంది కాబట్టి వాళ్ళ మాట చెల్లదు. ఉప్పు చూసే మనిషి వచ్చి అరచేయి చాపితే గరిటెతో కాస్త పులుసు అందులో పోస్తారు. ఆయన నాకి, కాసేపు ఆగి, మాట చెప్పాలి. ఆ మాట వచ్చేదాకా విస్తళ్ళు వేయరు. మా అక్కగారింట్లో ఆ పని పిల్లనిచ్చినవాళ్ళది. వాళ్ళ దేవరలో, అంటే అమ్మవారి జాతరలో, మొదట మా నాయన ఉప్పు చూసేవాడు. ఆయన పోయాక ఆ చోటు నాదైంది.

ఒక ఏడాది పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఎక్కువైందనే చెప్పాను. మా బావ తన కొత్త వియ్యంకుల ముందు నవ్వి, "నీ నాలుకకు కిళ్ళీ సున్నం పట్టింది బామ్మర్దీ. మొద్దుబారింది, లెయ్" అని గరిటె తీసుకెళ్ళి తన తమ్ముడి చేతిలో పోశాడు. ఆ తమ్ముడు నాకి "అమృతం" అన్నాడు. ఉప్పుకు అమృతం ఏమిటి? ఎక్కువో, తక్కువో, సరిపోయిందో చెప్పాలి. ఆ రోజు భోజనాల తర్వాత మంచినీళ్ళ డబ్బాల కోసం ఆటో మళ్ళీ మార్కాపురం వెళ్ళి రావాల్సి వచ్చింది. ఎండ వల్ల దాహం అన్నారు. అది దుప్పట్లు కప్పుకునే కాలం.

అప్పటి నుంచి నన్ను ఎవరూ ఉప్పు చూడమనలేదు. నేను దేవరకు వెళ్ళడం మానలేదు. వెళ్ళి, పొయ్యికి ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ణి. చూసేవాళ్ళకు జరిగిన అన్యాయం గుర్తు రావాలి కదా.

మా బావకు మార్కాపురంలో పలకల రాయి ఫ్యాక్టరీ ఉంది. వెనకటి బడి పలకలు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు కానీ, ఆ రాయినే బిళ్ళలుగా కోస్తే గోడలకు అంటించుకోవడానికి బయటి దేశాలవాళ్ళు కొంటారు. అట్లా కొనే ఇటలీ ఆయన ఒకడు ఏడాదికోసారి వచ్చి రాళ్ళు చూసి పోతాడు. మర్యాద తెలిసిన మనిషి అనుకునేవాణ్ణి. కిందటేడు వచ్చినప్పుడు ఒక ఎర్ర వైన్ సీసా తెచ్చి బావ చేతిలో పెట్టి, మళ్ళీ వచ్చినప్పుడు అందరం కలిసి తాగుదాం అన్నాడట. అది మా మేనకోడలు పుట్టకముందు పట్టిన వైన్ అట. ఆ పిల్లే ఇంగ్లీషులో విని తెలుగులో చెప్పింది. ఆమె బెంగళూరు కంపెనీ పని ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. ఇటలీ ఆయన వచ్చినప్పుడు మాత్రం తండ్రికి నోరు అవుతుంది.

మా దగ్గర వైన్ షాపు అంటే వైన్ తప్ప అన్నీ దొరికే చోటు. కాబట్టి ఆ సీసాను ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. మా అక్క దాన్ని గడప దాటనివ్వలేదు. బావ తీసుకెళ్ళి ఫ్యాక్టరీ పక్కనున్న గొర్రెల దొడ్డిలో, రేకుల కింద ఉన్న గూట్లో, గొర్రెల కడుపులో పురుగులకు తాపే నట్టల మందు సీసాల పక్కన నిలబెట్టాడు. మార్కాపురం వేసవి అంతా అది అక్కడే ఉంది. ఆ రేకుల కింద మధ్యాహ్నం పూట గొర్రెలు కూడా నిలబడవు.

ఈ ఏడాది చలి మొదలయ్యాక ఇటలీ ఆయన మళ్ళీ వచ్చాడు. ఆ పొద్దున బావ నాకు ఫోన్ చేశాడు. చాలాకాలం తర్వాత ఆయన గొంతులో బెల్లం వినిపించింది.

"బామ్మర్దీ, ఒక పని పడింది రా. ఆ వైన్ వాళ్ళ పద్ధతిలో ముందు ఒకడు చూడాలంట. చూసి బాగుందంటేనే తక్కినోళ్ళకు పోస్తారంట."

"ఉప్పు చూసినట్టు."

"అదే అనుకో."

"నీ తమ్ముడు లేడా?"

"వాడు మాల వేసుకున్నాడు. నాకు కడుపులో పుండు. తెచ్చినోడు తనే చూసుకోకూడదంట. ఇంక నువ్వే."

"అందరి ముందు పిలవాల. గరిటె ఇచ్చేటప్పుడు పిలిచినట్టే పిలవాల."

"పిలుస్తాలే, రా."

"మరి దేవరకు?"

"ఇది మర్యాదగా జరగనీ. దేవరలో గరిటె నీకే ఇస్తా" అన్నాడు. నెల తిరిగేలోగా దేవర ఉంది. నేను కిళ్ళీ వేసుకోకుండా, పళ్ళు వేపపుల్లతో తోముకుని, తెల్ల చొక్కా తొడుక్కుని బయలుదేరాను.

ఫ్యాక్టరీ షెడ్డులో రాతి బిళ్ళల దొంతర్ల మధ్య బల్లలు వేశారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్ళు వచ్చారు. సంగటి, పొట్టేలు పులుసు గిన్నెల్లో ఆవిర్లు కక్కుతున్నాయి. బావ దొడ్డి నుంచి సీసా తెస్తూ, దాన్ని తలకిందులు చేసి, రెండు చేతులతో గట్టిగా కుదుపుతూ వచ్చాడు. ఇటలీ ఆయన కుర్చీలోంచి లేచి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"నాయనా, కుదపద్దంట!" మేనకోడలు అరిచింది. "అడుగున మడ్డి ఉంటాదంట. అది కదలగూడదంట!"

బావ ఇంకా గట్టిగా కుదిపాడు. "మడ్డి అడుగున ఉంటే మందంతా దాంట్లోనే గదే ఉండేది? కుదపకుంటే పైన నీళ్ళే గదా వచ్చేది? ఆయనకు గొర్రెలు లేవేమో అడుగు."

గొర్రెలున్న వాళ్ళంతా అవునన్నారు. న్యాయం ఎవరిదైనా న్యాయమే. ఈ ఒక్క విషయంలో నేను బావ పక్షం. ఏ నట్టల మందు సీసా మీదైనా కుదిపి తాపమనే రాసి ఉంటుంది.

ఇటలీ ఆయన తన జేబులోంచి మర తీసి బిరడా లాగాడు. అది సగం పొడై సీసాలో పడింది. బావ నావైపు చేయి చూపి, మొహం గోడకు పెట్టి, "మా బామ్మర్ది ఉప్పు చూస్తాడు" అన్నాడు. గోడను పిలిచినట్టు పిలిచాడు. అయినా పిలిచాడు. నేను లేచి వెళ్ళి అరచేయి చాపాను.

ఇటలీ ఆయన స్టీలు గ్లాసు చూపించాడు. నేను తల అడ్డంగా ఊపి అరచేయి ఇంకా ముందుకు పెట్టాను.

"మామా, గ్లాసులో తాగుతారు దీన్ని" అంది మేనకోడలు.

"తాగేవాళ్ళు గ్లాసులో తాగుతారమ్మాయ్. చూసేవాళ్ళు చేతిలోనే చూస్తారు. ఆయనకు చెప్పు."

ఆమె ఏం చెప్పిందో గానీ, ఆయన నా చేయి వైపు కాసేపు చూసి, ఎంతో జాగ్రత్తగా, చుక్క కింద పడకుండా పోశాడు. మా ఇంటివాళ్ళు ఎవరూ నా చేతిలో అంత మర్యాదగా ఏదీ పోయలేదు. ముందు వాసన చూశాను. తర్వాత నోట్లో పెట్టుకున్నాను.

మొదట పులుపు తగిలింది. చింతపండు పులుపు కాదు, మూడు రోజులు మూత పెట్టి మరిచిపోయిన పులుసు పులుపు. దాని వెనక నేరేడు గింజ కొరికినట్టు ఒక వగరు వచ్చి చిగుళ్ళను పట్టుకుంది. మడ్డి పళ్ళ కింద పలకపొడి లాగా కరకరమంది. నేను మింగలేదు. చాలా అడుగున, అన్నిటికింద, ఇంకేదో ఉంది. కొత్త చెప్పుల తోలు లాంటిది, పొగాకు ఆరబెట్టే బేరను లాంటిది, మొదటి వాన పడ్డప్పుడు మా రాతి గుట్టల నుంచి లేచే వాసన లాంటిది. అది ఒకప్పుడు మంచి సరుకు. ఆ సంగతి నా నాలుకకు తెలిసింది. కిళ్ళీ సున్నం పట్టిందన్న నాలుకకే తెలిసింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఏంది బామ్మర్దీ, నోట్లో పెట్టుకోని నిద్రపోతాండావా? సంగటి చల్లారతాంది, మింగు" అన్నాడు బావ.

నేను మింగి, "చెడిపోయింది" అన్నాను.

మేనకోడలు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించింది. "మామా, అట్లెట్ల చెప్పేది? ఆయన ఎంత అభిమానంగా తెచ్చినాడు!"

"తెచ్చినప్పుడు బాగానే ఉండింది. మీ నాయన రేకుల కింద ఉడకబెట్టినాడు. ఆ ముక్క కూడా చెప్పు."

బావ నా భుజం మీద చేయి వేసి పక్కకు లాగాడు. "బాగుందను. ఒక్క మాట. దేవరలో గరిటె నీదే, నీ తర్వాత నీ కొడుకుది. అందరి ముందు పిలుస్తా, మొహం చూసి పిలుస్తా."

నిజం చెబుతాను, బాగుందన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళు నేను అడిగింది అదే. బాగుందంటే అయిపోయేది. కానీ చెడిపోయినదాన్ని బాగుందన్నవాడికి గరిటె ఎందుకు? అట్లాంటివాడు బావ తమ్ముడి రూపంలో ఆ ఇంట్లో ఉండనే ఉన్నాడు. నేను వెనక్కి వచ్చి, ఇటలీ ఆయనకు అర్థమయ్యేట్టు, మొహం వంకర పెట్టి, చేయి అడ్డంగా ఊపాను. పిల్ల చెప్పకపోయినా ఆయనకు తెలిసిపోయింది.

ఆయన కూడా తన అరచేతిలో కాస్త పోసుకుని నాకాడు. నేను ఆయన కళ్ళే చూస్తున్నాను. ఒక్క క్షణం ఆయన మొహం పులుసు పాడైపోయిన వంటమనిషి మొహం అయింది. తర్వాత బావను చూశాడు, బల్లల చుట్టూ కూర్చున్నవాళ్ళను చూశాడు, వేళ్ళు ముద్దు పెట్టుకుని పెద్దగా ఏదో అన్నాడు.

"చాలా బాగుందంట!" అంది మేనకోడలు, కష్టం గట్టెక్కినట్టు.

అందరూ చప్పట్లు కొట్టారు. గ్లాసులు నింపారు. పక్క ఫ్యాక్టరీ ఆయన తాగి కళ్ళనీళ్ళు పెట్టుకుని, "పాతది పాతదే అబ్బా" అన్నాడు. బావ నన్ను చూసి, "నేను చెప్పలా? నాలుక మొద్దుబారింది" అని అందరికీ వినపడేలా అన్నాడు.

భోజనాల తర్వాత నేను షెడ్డు వెనక్కి వెళ్ళాను. ఇటలీ ఆయన రాతి చెత్త గుట్ట దగ్గర నిలబడి తన గ్లాసు వంచి పోస్తున్నాడు. నన్ను చూసి, తన నోరు చూపించి, తల అడ్డంగా ఊపి, నా చేయి పట్టుకుని ఆడించాడు. నువ్వే రైటు అని దానికి అర్థం. నేను ఆయన మణికట్టు వదలకుండా షెడ్డు వైపు లాగాను. లోపలికొచ్చి చెప్పమన్నాను, తెలుగులోనే. ఆయన నవ్వి, నా వీపు తట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు. నాకు అన్యాయం చేసినవాళ్ళంతా దర్శి నుంచి గిద్దలూరు దాకా ఉన్నవాళ్ళే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఇటలీలో కూడా ఒకడున్నాడు.

దేవర వచ్చింది. నేను వెళ్ళాను, కుర్చీ వేసుకున్నాను. బావ తమ్ముడు మాల తీసేసి వచ్చి, అందరి ముందూ అరచేయి చాపడానికి చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. అంతలో మా అక్క గరిటెలో పులుసు తీసుకుని, కొంగు అడ్డం పెట్టుకుని, నా వెనక్కి వచ్చింది.

"తమ్ముడూ, గుట్టుగా నువ్వోసారి చూడరా. వియ్యంకులు వచ్చినారు. వాడు దేన్నయినా అమృతమంటాడు."

"బావను పిలవమను."

"ఆయన పిలవడురా. నేను పిలుస్తాండా గదా."

"నువ్వు వెనక నుంచి పిలుస్తాండావక్కా. ముందు నుంచి పిలవమను."

అక్క గరిటె అట్లాగే పట్టుకుని నిలబడింది. ఆవిరి నా మొహానికి తగిలింది. ఉప్పు చాలలేదని వాసనకే తెలిసింది. నేను చేతులు కట్టుకునే కూర్చున్నాను.