పశువుల డాక్టరు సంతకంతో నర్సింగు కాలేజీకి

మా అక్క కూతురు ఎస్తేరుకి చిన్నప్పటి నుంచీ ఒకటే పట్టు, నర్సునవుతానని. ఇంటరు పాసవగానే అనకాపల్లిలో ఒక నర్సింగు కాలేజీ నుంచి దరఖాస్తు తెచ్చి నింపింది. సర్టిఫికెట్ల జిరాక్సుల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉండాలని అందులో రాసే ఉంది. "అదెంత పని, దారిలో చేయిద్దాం" అని మేనమామ హోదాలో కొట్టిపారేసి, ఆఖరి రోజు దాకా తెచ్చింది నేనే. ఆ సాయంత్రం ఐదు దాటితే పిల్లకి ఒక ఏడాది పోయినట్టే. పిల్లల్ని తీసుకుని ఇలా బయల్దేరేవాళ్ళకి నా తెలివి అంటకూడదనే ఇది రాస్తున్నాను.

ఉప్మాకలో తొమ్మిదిన్నరకి ఆటో ఎక్కి నక్కపల్లిలో దిగాం. ఎమ్మార్వోగారు మీటింగులో ఉన్నారు, ప్రభుత్వాసుపత్రి డాక్టరుగారు క్యాంపుకి వెళ్ళారు. పదకొండయ్యేసరికి నాకు ముచ్చెమటలు పట్టాయి. టీకొట్టాయన మా అవస్థ చూసి, "పశువులాసుపత్రి డాక్టరుగారూ గెజిటెడేనండి, ఓపాలి ఎల్లి సూడండి" అన్నాడు.

"నర్సింగు ఫారం మీద ఆయన సంతకమా? నవ్వుతారే" అన్నాను.

"నవ్వితే నవ్వనీ మావయ్యా, ముందు టైము సూడు" అంది ఎస్తేరు.

డాక్టరుగారు వెనక షెడ్డులో, ఈనలేక అవస్థ పడుతున్న గేదె దగ్గరున్నారు. దూడ కాలు లోపల మడతపడిందట. ఆయన సహాయకుడు సెలవు. గేదె తల పట్టుకున్న ముసలి రైతు తప్ప, దూడ కాలికి కట్టిన తాడు లాగడానికి ఇంకో మనిషి లేడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఎస్తేరు ఫైలు నా చేతిలో పెట్టి, చున్నీ నడుముకి బిగించి ముందుకెళ్ళింది.

"తాడు అట్టే పట్టుకో తల్లీ. నాను సెప్పినప్పుడే లాగు" అన్నారాయన.

ముప్పావుగంట పట్టింది. దూడ బయటపడింది గానీ కదల్లేదు. ఎస్తేరు దాని ముక్కులో జిగురు తుడిచి, గడ్డిపరకతో ముక్కు కెలికి, ఊపిరి అందేదాకా పక్కలు రుద్దింది. వాళ్ళింటి గేదెల దగ్గర నేర్చుకుందట. నాకా సంగతే తెలీదు. డాక్టరుగారు చేతులు కడుక్కుని, ప్రతి కాపీ మీదా పచ్చసిరాతో సంతకం పెట్టి సీలు వేశారు.

పన్నెండున్నరకి అనకాపల్లి బస్సు దొరికింది. టిక్కెట్టు వంద లోపే. దిగాక కుళాయి దగ్గర ఎంత రుద్దినా ఎస్తేరు కొత్త డ్రెస్సు చేతి మీద నెత్తుటి మరక పోలేదు. అన్నం తిని, ఆటోలో కాలేజీ చేరేసరికి మూడు.

గుమాస్తా కాపీలు తిరగేసి పకపకా నవ్వాడు. "ఏటమ్మా, నర్సింగుకొచ్చేవా, పశువుల కాంపౌండరు పనికొచ్చేవా?"

నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే ఎస్తేరు జరిగిందంతా చెప్పేసింది. నవ్వు విని బయటికొచ్చిన ప్రిన్సిపాల్ మేడం ఆ చేతి మరక వైపు చూశారు.

"తల్లి గేదె లేచిందా?"

"లేచిందండి. మేం వచ్చేలోపే దూడకి పాలిచ్చింది."

"నీకు భయమెయ్యలేదా?"

"ఏసిందండి. తాడు మాత్రం వదల్లేదు."

మేడం గుమాస్తా వైపు తిరిగి, "గెజిటెడ్ సంతకమే కదా, తీసుకోండి" అన్నారు.

సీటు వచ్చింది. ఎస్తేరు ఇప్పుడు రెండో సంవత్సరం. తెల్ల యూనిఫాంలో దాన్ని చూస్తే నాకెంత గర్వమో. ఆ రోజు నేను చేసింది ఫైలు మొయ్యడం ఒక్కటే. అయినా ఊళ్ళో ఎవరడిగినా "మేం దూడని బతికించాం" అనే చెబుతున్నాను. ఎస్తేరు కాదనదు. ఇక మీకో మాట: సంతకాలు రెండు రోజుల ముందే చేయించుకోండి. పిల్ల కోసం ఇంకో జత బట్టలు కూడా సంచిలో పెట్టండి, దారిలో తనకి ఏ పని పడుతుందో చెప్పలేం.