జిమ్ పరీక్షలో మా అమ్మ

నేను బరువులెత్తే రోజుల్లో మా అమ్మ ఒక్క పోటీకీ వచ్చి చూడలేదు. విజయనగరం పక్కనున్న మా ఊళ్ళో ఆడపిల్లలు బరువులెత్తడం కొత్తేమీ కాదు. కానీ పోటీ రోజున తల్లులంతా ఏదో ఒక పని కల్పించుకుని తప్పుకునేవారు. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు కదా, అందులో కన్నతల్లి కన్ను మరీ చెడ్డదట. పతకం తెచ్చి చేతిలో పెడితే అమ్మ దాన్ని బీరువాలో పడేసి, "సర్లే, కాళ్ళు కడుక్కుని కూడు తిను" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

మణికట్టు దెబ్బతిని పోటీలు మానేశాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. అప్పుడే, రెండు వేల పది దాటాక, టౌనులో సందుకో జిమ్ వెలిసింది. ఒక జిమ్ యజమాని ఆడవాళ్ళ బ్యాచ్ నాకిస్తానన్నాడు, ట్రైనర్ సర్టిఫికెట్ తెస్తేనే అన్నాడు. తేలేకపోతే నాకు మిగిలింది మావయ్య చూసిపెట్టిన బట్టల కొట్లో పొద్దస్తమానం నిలబడే పని. కోర్సులో చేరిపోయాను.

కండరాల పేర్లు, గుండె వేగం, ఎవరికి ఏ వ్యాయామం పనికిరాదు, అన్నీ పట్టుబడ్డాయి. ఒక్కటి మాత్రం చేతకాలేదు. ఎవరైనా తప్పు చేస్తే నా గొంతు వీధి చివరికి వినిపించేది. సరిగ్గా చేస్తే "ఊఁ" అని ఊరుకునేదాన్ని. పాఠం చెప్పే సారు మా వైపు మనిషే. ఒకరోజు విసుక్కున్నాడు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాదమ్మా. బాగా సేసినోల్ని బాగా సేసావని అన్లేవా?"

"అంటే రేపొద్దున్నకి నడుం పట్టెస్తాది సార్."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు.

ఆఖరి పరీక్షకు మనం శిక్షణ ఇచ్చిన మనిషిని మనమే వెంటబెట్టుకుని వెళ్ళాలి. పరీక్షకుడు ఆ మనిషిని కూడా అడిగి మార్కులు వేస్తాడు. మొదట మా వీధి వదినకు నేర్పాను. నెల తిరక్కుండా ఆమెకు వేవిళ్ళు మొదలై పుట్టింటికి, పాతపట్నం వెళ్ళిపోయింది. ఇక మిగిలింది అమ్మే. మోకాళ్ళ నొప్పులతో రామతీర్థం వెళ్ళినా కొండెక్కలేక కిందే కూర్చుండిపోయే మనిషి. చీర కుచ్చిళ్ళు దోపించి, కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం దగ్గర మొదలుపెట్టాను. "ఏటే, సంపెస్తావేటి నన్ను" అని రోజూ తిట్టేది. తిడుతూనే చేసేది, ఒక్కరోజూ మానలేదు.

పరీక్ష రోజున పరీక్షకుడి ముందు అమ్మ తడబడకుండా అన్నీ చేసింది. నేను గుండె చిక్కబట్టుకుని, "బాగా చేశావమ్మా" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆవిడతో ఆ మాట అనడం అదే మొదలు. అమ్మ నన్ను కొరకొరా చూసింది.

పరీక్షకుడు అమ్మ వైపు తిరిగాడు. "మీ ట్రైనర్ ఎలా నేర్పుతుందమ్మా?"

"ఏదో, సెప్తాది."

"బాగా చెబుతుందా?"

అమ్మ నేల చూపులు చూసింది. ఆయన పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. మధ్యలో మాట్లాడితే నాకే మార్కులు పోతాయి. ఆ బట్టల కొట్టు కళ్ళ ముందు మెదిలింది. ఇంత అయ్యాక కూడా నోరు విప్పదా అని కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

అమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుంది. "నాకు మోకాళ్ళు పోయాయనుకున్నాను బాబూ. మెట్లు కూకుని దిగేదాన్ని. ఇప్పుడు నిలబడి దిగతన్నాను. ఇది సెప్పినట్టు నాకు ఎవులూ సెప్పలేదు. ఇదేటి పట్టుకున్నా బాగానే సేస్తాది."

ఆ చివరి మాట ఆయనకు కాదు, గోడకు చెప్పినట్టు చెప్పింది. నేను పాసయ్యాను.

ఇంటికి రాగానే అమ్మ నన్ను గుమ్మంలో నిలబెట్టి, గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి నీళ్ళపొయ్యిలో పడేసింది. దిష్టి లేకపోతే ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గి చావాలి, ఉంటే ఘాటే రాదని మావాళ్ళ లెక్క. అంత మిరపకాయ మాడినా మా ఇద్దరిలో ఎవరికీ దగ్గు రాలేదు.

"సూసావా, ఎంత దిష్టి ఉన్నాదో" అంది.

"ఆ పరీక్ష పెట్టిన సారుదేమోలే."

"ఆడిదెందుకవుతాదే" అంది అమ్మ, పొయ్యి వైపే చూస్తూ. "నాదే. ఇన్నేళ్ళదీ."