నలభై బోర్డు మీద నా బొమ్మ

మీరెప్పుడైనా నిజమే చెప్పి ఒక మనిషి బతుకు కూల్చారా? నేను కూల్చాను. ఏడేళ్లుగా మోస్తున్నాను, ఒకే ఒక్క మాట బరువు.

హాలియా దగ్గర కొత్తగా డబుల్ రోడ్డు వేసి, కాలువ మలుపులో వేగం నలభై దాటొద్దని బోర్డు పాతారు. మూఢనమ్మకాల మీద మా సభ కోసం నేను ఫ్లెక్సీ కొట్టించాను. దాని మీద నా ఫొటో. ఆ బోర్డు స్తంభానికి, పక్కనున్న కరెంటు స్తంభానికి నా చేతులతోనే కట్టాను. అంకె కనబడకుండా పోయింది. చూశాను కూడా. రెండు రోజులే కదా అనుకున్నాను.

మర్నాడు పొద్దున జహంగీర్ జీపు ఆ మలుపులో డెబ్బైలో వచ్చి, రోడ్డు దాటుతున్న ఒక రైతును గుద్దింది. రైతు కాలు తీసేయాల్సి వచ్చింది. జహంగీర్ నాకు పరాయివాడు కాదు. కిరాయి తీసుకోకుండా నన్ను ఊరూరా సభలకు తిప్పినవాడు. ఆ దారిలో రావడం అతనికి అదే మొదటిసారి.

వార్త వినగానే నేను దవాఖానకు పోలేదు. పోయి ఫ్లెక్సీ విప్పేశాను.

తర్వాత స్టేషన్‌కు పోతే, పోలీసుల ముందు జహంగీర్ నా వైపు తిరిగాడు.

"సార్, నువ్వు అబద్ధమాడవు. జర చెప్పు, గాడ బోర్డు ఉండెనా? నాకైతే కనవడలే."

"ఉన్నది," అన్నాను.

"అయితే నా కండ్లే మోసం జేసినయి సార్."

అబద్ధం చెప్పానా? లేదు. బోర్డు ఉంది. కానీ ఎవరి మాటా గుడ్డిగా నమ్మొద్దని ఇరవై ఏళ్లు వేదికలెక్కి అరిచిన నేను, నా మాట నమ్మి ఒకడు తన కళ్లనే కాదనుకుంటుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. బాబాలు చేసేది ఇంతకంటే వేరా?

బోర్డు కనిపిస్తే మాత్రం ఎవడు ఆగుతాడని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. జహంగీర్ ఆగేవాడు. బోర్డు చూస్తే చాలు, జీపు నెమ్మదయ్యేది. "రేకుముక్కకు మొక్కుతవేందయ్యా?" అని ఎగతాళి చేసింది నేనే. "రేకుకు గాదు సార్, అవతల దాటేటోళ్లకు," అనేవాడు.

జీపు అమ్ముకున్నాడు. ఇప్పుడు మార్కెట్లో వడ్ల బస్తాలు మోస్తున్నాడు. ఎదురైతే మూట దించి మరీ "మంచిగున్నవా సార్" అంటాడు. తిట్టినా బాగుండును.

క్షమించమని అడగను. నా పేరు ఇక్కడ రాయలేకపోయాను, పిరికితనం ఇంకా పోలేదు. కానీ జహంగీర్ కళ్లు మోసం చేయలేదు. చేసింది నేను. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే.

నన్ను తిట్టి ఊరుకోకండి. లేవండి. మీ ఊరి మలుపు దాకా నడవండి. అక్కడి బోర్డు మీద ఏ పెద్దమనిషి బొమ్మ కట్టి ఉన్నా, ఇవాళే కోసి పారేయండి.