వెళ్ళిపోయిన లారీకి తలుపు నంబరు

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో గల్ఫ్‌లోని మా హవల్లీ ఆఫీసు నన్ను సులైబియాలోని ఒక కోల్డ్ స్టోరేజీ గిడ్డంగికి పంపింది. అప్పటికి నేను సీనియర్ సపోర్ట్ ఇంజనీరును, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాను. ఆ గిడ్డంగి గేటు దగ్గర కంప్యూటరు మీద కూర్చునే వెంకటరమణకు చూపు లేదు. రాజంపేట వైపు మనిషి. లోడింగు పనికి వచ్చి, కంటిజబ్బుతో చూపు పోయాక స్క్రీన్ రీడర్ నేర్చుకున్నాడు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాము అది. గిడ్డంగివాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు, రీడర్ దాన్ని సరిగా చదవలేకపోయింది. ఎప్పుడు ఏది పలకాలో రీడర్‌కు చెప్పే స్క్రిప్టులు రాయడం నా పని.

రమణ ఇఖామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, గడువు ఆ నెలతో ముగుస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ మీద పని నడిపితేనే రెన్యూ చేస్తానని అతని వీసాకు పూచీ ఉన్న యజమాని, కఫీల్, చెప్పాడు. లేకపోతే ఊరికి పోవడమే.

పని చూడటానికి చిన్నది. గేటు దగ్గరికి వచ్చిన డ్రైవరు చెప్పే లారీ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే, ఆ సరుకు ఏ తలుపు దగ్గర దించాలో తెర మీద వస్తుంది. మొదట నేను ఎంటర్ నొక్కగానే తలుపు నంబరు పలికేలా రాశాను. అయితే అదే క్షణంలో పేజీ మారి, కర్సర్ తర్వాతి గడిలోకి వెళ్ళేది. రీడర్ ఆ గడి పేరు చదవడం మొదలుపెట్టేది. కొత్త మాట వస్తే పాత మాటను తుంచేయడం రీడర్ స్వభావం, దాంతో తలుపు నంబరు మధ్యలోనే తెగేది. అందుకని ఆ నంబరును కొంచెం ఆలస్యంగా పలికేలా షెడ్యూలు చేశాను. ఈ వృత్తిలో అది మామూలు పద్ధతే. ఆఫీసులో బాగానే పనిచేసింది.

గురువారం గేటు దగ్గర పరీక్ష పెట్టాం. మొదటి లారీ డ్రైవరు రోజూ వచ్చేవాడు, తలుపు చెప్పకముందే కదిలిపోయాడు. రమణ వెంటనే రెండో లారీ నంబరు కొట్టాడు. అప్పుడు షెడ్యూలులో ఉన్న మొదటి లారీ తలుపు పలికింది. రమణ అదే అరిచి చెప్పాడు. సరైన మాట వినబడేలోపు గడ్డకట్టిన చికెన్ లారీ కూరగాయల తలుపు దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడి మనిషి వెనక్కి పంపాడు కాబట్టి సరుకు పాడవలేదు.

సూపర్‌వైజరు రాజన్నది జగిత్యాల. "గిట్లయితే ఎట్ల సార్? ఆదివారం ఒక్కపాలి సూస్త. మళ్ళ తప్పితే ఖలాస్. నన్ను తప్పు వట్టద్దు, రమణన్నా" అన్నాడు.

రమణ నా వైపు తిరిగి, "ఏం సార్, పెండ్లయిపోయినాక మేళమొచ్చినట్టుండాదే మీ మిషను!" అన్నాడు.

ఆలస్యాన్ని తగ్గించి చూశాను, మాట మళ్ళీ తెగింది. పెంచితే పాత మాట వచ్చి కొత్త లారీ మీద పడింది.

శుక్రవారం మా సత్సంగంలో నామ పారాయణం. చాలా ఏళ్ళుగా దాన్ని నేనే నడిపిస్తున్నాను. రమణను కూడా కారులో తీసుకెళ్ళాను. మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో, 'మామా' అని పిలిచే యజమానురాలి దగ్గర పనిచేసే సుబ్బమ్మ ఆ రోజు కొత్తగా వచ్చింది. గుంపు కంటే వెనకబడి, తప్పిపోయిన నామాలు ఒక్కతే గబగబా చదువుతుంటే చుట్టుపక్కలవాళ్ళూ తడబడ్డారు. ముగిశాక భయంగా అడిగింది.

"ఇడ్సిపెడితే పాపం రాదా సారూ? మామా పంపిచ్చేదే ఎప్పుడో ఒకసారి."

"రాదమ్మా. తప్పిన నామాన్ని వదిలేయండి. అందరూ ఎక్కడుంటే అక్కడ కలవండి. వెనకటిది ఇప్పుడు చదివితే, ఇప్పుడు చదవాల్సినది మీకూ పోతుంది, పక్కవాళ్ళకీ పోతుంది" అన్నాను. మా పెద్దలు నాకు నేర్పిన నియమమే అది.

పక్కనే ఉన్న రమణ నవ్వాడు. "ఆ మాట మీ మిషనుకు గూడా చెప్పండి సార్!"

ఆ మాట ఆ సమయంలో వినిపించినవాడు ఈశ్వరుడేనని నా నమ్మకం. స్క్రిప్టు మాత్రం నేనే కూర్చుని రాయాలి. ఎంటర్ నొక్కగానే అంతకుముందు షెడ్యూలైన మాట రద్దయ్యేలా మార్చాను. ఇన్ని క్షణాలు ఆగమని చెప్పడం మానేసి, గడి పేరు చదవడం ముగిసేదాకా ఆగమని రాశాను. పలికే ముందు తెర మీద ఉన్నది అదే లారీయా అని సరిచూసుకోవాలి, కాకపోతే మౌనంగా ఉండాలి.

ఆదివారం రాజన్న పక్కనే నిలబడ్డాడు. ఒక డ్రైవరు మళ్ళీ తలుపు వినకుండానే వెళ్ళిపోయాడు. రమణ తర్వాతి నంబరు కొట్టాడు. రీడర్ గడి పేరే చదువుతోంది, తలుపు నంబరు పలకలేదు.

"ఏందన్నా నంబరు సప్పుడు లేదు? సచ్చిందా?" అన్నాడు రాజన్న.

రమణ చెయ్యెత్తి ఆగమన్నాడు. గడి పేరు ముగిసింది, వెంటనే తలుపు నంబరు పలికింది. రమణ డ్రైవరుకు అరిచి చెప్పాడు. రాజన్న వంగి తెర చూసి, "యల్లా, పంపు" అన్నాడు. మధ్యాహ్నం దాకా ఒక్క లారీ కూడా తప్పు తలుపుకు పోలేదు. ఆ వారమే రమణ కాగితాలు రెన్యూవల్‌కు వెళ్ళాయి.

ఆ తర్వాత రాసిన ప్రతి స్క్రిప్టులో, మాట ఎప్పుడు మొదలవ్వాలో రాసిన చోటే ఎప్పుడు రద్దవ్వాలో కూడా రాశాను. చూపున్నవాడు విన్నదాన్ని తెరతో పోల్చి చూసుకుంటాడు. వినేవాడికి విన్నదే తెర. అందువల్ల సమయం దాటిన సమాచారం నిజమే అయినా అతని చెవిన వేయకూడదు.