పసుపు అంచు రాని పిలకలు

2023 నాటికి తమిళనాడు ధర్మపురిలో నా నర్సరీకి పన్నెండేళ్లు. ఇళ్లలో పెట్టుకోవడానికి నా దగ్గర ఎక్కువగా కొనేది, కత్తుల్లా నిలువుగా లేచే ఆకుల స్నేక్ ప్లాంటే. నీడలో బతుకుతుంది, నీళ్లు మరిచిపోయినా అలగదు. దాన్ని చంపాలంటే రోజూ నీళ్లు పోస్తే చాలు.

ఒక మొక్కను నాలుగు చేయడానికి రెండు పద్ధతులు. మట్టిలోని దుంపను పిలకతో సహా విడదీస్తే డివిజన్. ఆకు కోసి మట్టిలో గుచ్చితే లీఫ్ కటింగ్. పసుపు అంచు రకానికి మాత్రం ఒక మెలిక ఉంది. ఆకు ముక్క నుంచి లేచే పిలకకు ఆ అంచు రాదు, ఒట్టి పచ్చగా పుడుతుంది. ఇది తెలిసీ నోరు మూసుకున్న ఘనురాలిని నేను.

కిరాణా కొట్టు రాజేశ్వరమ్మ, కొత్త కోడలు కవితకు ఇవ్వడానికి తన పసుపు అంచు మొక్క నుంచి ఇంకొకటి చేయమంది. తల్లి మొక్క దుంపను కదిలించవద్దంది. సరేనని మూడు ఆకులు కోసి, వేళ్లు పట్టాక కుండీలో పెట్టి ఇచ్చాను. కోసిన ఆకుకు పాత అంచు అలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

"ఇది మన ఇంటి ఆడోళ్ల పసుపు మాదిరి. పోకుండా చూసుకో పాపా" అంటూ ఆమె కుండీని నా ఎదుటే కోడలి చేతికిచ్చింది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఏడెనిమిది నెలలకు రాజేశ్వరమ్మ ఫోన్ చేసి, మొక్క మొదలు కుళ్లుతోందంది. వెళ్లి చూస్తే మూడు పిలకలు, మూడింటికీ పసుపు అంచు! అలా పుట్టడానికి వీల్లేదే! వేలితో రుద్దాను. పసుపు వేలికంటుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పక్కనే ఉన్న కవిత గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "అత్తకు చెప్పొద్దక్కా. నీకు పుణ్యముంటాది."

"ఏంది పాపా ఈ పని?"

"పిలకలు పచ్చగా వచ్చినాయి. ఆ వారమే మా ఆయన మారండహళ్ళి దారిలో బండి మీంద నుంచి పడినాడు, కాలు ఇరిగింది. నేను పసుపు పోగొట్టినందుకే అంటారని భయమైంది. రెండు నెలలుగా దినమూ పొద్దున్నే కడిగి, మళ్లీ పసుపు పూస్తా ఉండాను."

ఆ కడిగిన నీళ్లే మొదలును కుళ్లబెట్టాయి. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. లోపలున్న రాజేశ్వరమ్మను కేకేసి పిలిచాను.

"అమ్మా, తప్పు నాది. ఆకు కోసి చేస్తే అంచు రాదని తెలిసీ మీకు చెప్పలేదు. మీరేమంటారోనని ఈ పిల్ల రోజూ పిలకలకు పసుపు పూస్తోంది. మీ అబ్బాయి కాలికీ, ఈ పిల్లకీ ఏ సంబంధమూ లేదు."

ఆమె నన్ను తిట్టలేదు. కోడలి పసుపు వేళ్లకేసి చూస్తూ కిందనే కూలబడింది. "నన్ను జూసి ఇంత భయపడినావా పాపా?" అని అడిగింది.

కవిత అవునన్నట్టు తల ఊపింది.

ఇప్పుడు ఎవరైనా పసుపు అంచు మొక్క తెస్తే, కత్తి తీయకముందే ఒక పచ్చని పిలకను చూపిస్తాను. "ఆకు కోస్తే ఇట్లనే పుడుతుంది, సమ్మతమేనా?" అని అడుగుతాను. కొందరు వద్దని వెళ్లిపోతారు. పోనీ. ఒక్క మాట చెప్పడానికి నేను బద్ధకించినందుకు, ఒక ఆడపిల్ల రెండు నెలలు తన ఇంట్లోనే దొంగలా వణికింది.