మెషిన్ కొలవలేకపోయిన నా విటమిన్ డి

చనిపోయిన మా అన్నయ్య నన్ను మొదటిసారి పిలిచింది పట్టపగలు. మందస దగ్గర మా ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఆ రోజు పిల్లలకు అన్నాలు పెడుతున్నాను. పొద్దుటి నుంచీ ఒకటే దాహం. చెంబుల కొద్దీ నీళ్లు తాగినా నాలుక పిడచకట్టుకుపోతోంది. కిటికీ అవతల నుంచి, "సెల్లీ, కూసిన్ని నీల్లియ్యవే" అని స్పష్టంగా వినబడింది.

అన్నయ్య కిడ్నీ జబ్బుతో పోయి రెండేళ్లయింది. చివరి రోజుల్లో డాక్టర్లు చెప్పినట్టు నీళ్లు కొలిచి ఇచ్చేవాళ్లం. అప్పుడు అడిగిన గొంతే అది. గ్లాసు పట్టుకుని బయటికి వెళ్లాను. ఎవరూ లేరు. గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి వచ్చేశాను.

తర్వాత వాంతులు, మలబద్ధకం మొదలయ్యాయి. అన్నం సహించేది కాదు. ఒకరోజు ఆయా హాజరు పుస్తకం తెచ్చి, "ఇదేటి మేడమ్?" అంది. పిల్లల పేర్ల మధ్య అన్నయ్య పేరుంది. హాజరు కూడా వేసి ఉంది. చేతిరాత నాదే.

పలాసలో రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ బాగా పెరిగిందన్నారు. మా ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఊరూరా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో ఆ మాటకు అర్థం ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం అన్నయ్య నా మంచం చివర కూర్చున్నాడు. నేను కాళ్లు ముడుచుకుని చోటిచ్చాను.

శ్రీకాకుళం ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ రిపోర్టులు రెండుసార్లు చూసింది. "కిడ్నీ పాడైతే కాల్షియం మామూలుగా తగ్గుతుంది. ఈవిడకి చాలా ఎక్కువుంది. ఏం మందులు వాడుతున్నారు?"

"ఏటీ లేవండి" అన్నాడు మా ఆయన. నేనూ తల ఊపాను.

పక్కింట్లోనే ఉండే మా వదిన, అంటే ఆ అన్నయ్య భార్య, తోడుగా వచ్చింది. "మోకాల్ల నొప్పులకని పొడి తాగుతాదండి. రోజూ పాలల్లో కలుపుకుంటాది" అంది.

అవి విటమిన్ డి సాషేలు, చిన్న పొడి ప్యాకెట్లు. మందుల షాపతను వారానికొకటి అనే చెప్పాడు. నొప్పి తగ్గేసరికి, రోజూ తాగితే ఇంకా మంచిదనుకున్నాను. పలాస వెళ్లే ప్రతివాళ్లతోనూ తెప్పించుకుని ఏడు నెలలు తాగాను. విటమినే కదా, నా లెక్కలో అది మందే కాదు.

విటమిన్ డి టెస్టుకు రక్తం పంపారు. రిపోర్టులో అంకె లేదు, 'ఇంతకంటే ఎక్కువ' అన్న గుర్తు మాత్రం ఉంది. మెషిన్ కొలవగల హద్దు దాటిపోయిందట. రక్తం శాంపిల్‌ని పలచన చేసి మళ్లీ పరీక్షిస్తే గానీ అంకె రాలేదు. అది చూసి డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"ఇది ఎక్కువైతే కాల్షియం పెరిగి, లేని మనుషులు కూడా కనబడతారు, వినబడతారు. పైగా ఇది నీళ్లలో కరిగే విటమిన్ కాదమ్మా, మూత్రంలో పోదు. కొవ్వులో నిలవుంటుంది. ఇవాళ ఆపేసినా నెలల తరబడి రక్తంలోకి ఊరుతూనే ఉంటుంది" అంది.

నా ఒంట్లో నాకు తెలియకుండా ఏదో దాక్కుని ఉందన్న ఆ మాటకు, అన్నయ్యను చూసినప్పటికంటే ఎక్కువ భయమేసింది.

సెలైన్లు, స్టెరాయిడ్, కాల్షియం తగ్గడానికి ఇంజక్షన్ ఇచ్చారు. వారానికి మనిషినయ్యాను. ఇంటికొచ్చిన మూడో వారం, పెరట్లో బట్టలు ఆరేస్తుంటే మళ్లీ "సెల్లీ" అని వినబడింది. ఈసారి దాచలేదు. "అన్నయ్య వచ్చాడు" అని మా ఆయనతో చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. చేతిలో పని వదిలేసి చొక్కా తొడుక్కున్నాడు. "పద, రగతం తీయించీసి వద్దుం" అన్నాడు. కాల్షియం మళ్లీ పెరిగింది. మళ్లీ అడ్మిట్ అయ్యాను.

ఇప్పుడు పనికి వెళ్తున్నాను. డయాలసిస్ అక్కర్లేకుండానే క్రియాటినిన్ దిగింది గానీ పూర్తిగా మామూలు కాలేదు. విటమిన్ డి ప్రతి పరీక్షకూ కొద్దికొద్దిగా దిగుతోంది. మొన్న వదిన బియ్యం ఏరుతూ తలెత్తకుండా అడిగింది, "ఇంకా వత్తన్నాడేటి?"

"లేదు వదినా" అన్నాను.

"మంచిదేలే" అని, చాలాసేపు ఏరిన బియ్యమే ఏరింది.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు, మీరు రోజూ ఏం తింటున్నారో, ఏం తాగుతున్నారో చూసే మనిషిని వెంట తీసుకెళ్లండి. మీరు మందు కాదనుకుని చెప్పనిది, వాళ్లు చెబుతారు.