పొట్టి వైరు

మొన్న మనవడి వీడియో గేమ్‌కని నేను తెచ్చిన వైరు పొట్లం విప్పగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. నా పదకొండో ఏట, పోచంపల్లిలో టీవీ దుకాణంలో పీల్చిన వాసన అదే.

అప్పుడు మా తమ్ముడు గుండెజబ్బుతో మగ్గం అర్రలో మంచం పట్టాడు. కదిలించొద్దని దవాఖానలో చెప్పారు. పడుకున్న చోటి నుంచే ముందర్రలోని టీవీ వాడికి కనిపించేది. మేనమామ వాడి కోసం పాత వీడియో గేమ్ ఒకటి తెచ్చాడు గానీ, టీవీకి కలిపే వైరు లేదు. బాపు నన్ను దుకాణానికి పంపాడు.

"పొట్టిదైతే బొమ్మ సాఫ్‌గ వస్తది బిడ్డా. పొడుగుదాంట్ల జర మసక," అన్నాడు దుకాణం చిచ్చా.

చీరలో పువ్వు మసకబారితే షావుకారు వాపసు పంపే నేతిల్లు మాది. పొట్టిదే తీసుకుని, మిగిలిన పైసలు గర్వంగా బాపు చేతిలో పెట్టాను.

బొమ్మ అద్దంలా వచ్చింది. కానీ ఆట పెట్టె టీవీ దగ్గరే ఆగిపోయింది, మీటలు మంచం దాకా అందలేదు. నేనే ఆడాను.

"ఎగురక్కా! అగో, గుంతల వడ్డవ్! అవి చేతులా, కట్టెలా?" అని నవ్వుతూనే వాడు దుప్పటి అంచును బొటనవేళ్లతో నొక్కుతున్నాడు.

"సోమవారం మార్చుకొస్త తియ్యిరా," అన్నాను.

ఆదివారమే వాడు పోయాడు.

"గింత పొడుగెందుకవ్వా? టీవీ పక్కనే గదా!" అన్నాడు మనవడు మొన్న, నేను తెచ్చిన వైరు చూసి. ఊరికే లైటు వెలిగితేనే దండగని ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని నేను.

"ఉండనీ," అన్నాను.

మిగిలిన వైరు ఇప్పటికీ నేల మీద చుట్టగా పడి ఉంది. దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నాను.